ఎర్ర చుక్క లేని మిషను

గెదల్యా వైస్‌ఫిష్‌కి స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో నేర్పింది జుండెల్ లాండ్స్‌మన్. ఇవాళ నిష్ఠగల యూదుల ఊరైన ఈ బ్నె బ్రాక్ మొత్తంలో ఆ సంగతి ఎవడికీ గుర్తులేదు. గెదల్యాకి అసలే లేదు. మూడు నెలలు ఈ మేడ మెట్లకింది కొట్లో, ఇదే ముక్కాలి పీట మీద కూర్చుని, జుండెల్ ఫ్లాస్కులో టీ తాగి, జుండెల్ పెళ్లాం పంపిన రొట్టె తిని, పని సగం నేర్చుకుని పోయాడు. మిగతా సగం నోటితో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఊళ్లో మత కమిటీకి కార్యదర్శి. వాడి సీలు పడితేనే పిల్లల గేమ్ మిషను శుద్ధమైనది. పడకపోతే విషం.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి జుండెల్ మూడో స్క్రూ విప్పుతూ ఇదే తలుచుకుంటున్నాడు. నాలుగోది మొండికేసింది. దాన్ని గెదల్యా అనుకుని ఒక తిప్పు తిప్పాడు. ఊడొచ్చింది.

యాభై రెండేళ్ల మనిషి. నెరిసిన గడ్డంలో కుడివైపు మాత్రం పసుపు పట్టింది, ఇన్నేళ్ల సీసం పొగకి. నల్ల టోపీ మీదుగా పట్టీతో బిగించిన భూతద్దం. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చలు చిక్కుడుగింజల్లా వరసగా. బొటనవేళ్లు రెండూ కణుపుల దగ్గర ఉబ్బాయి. అది విప్పడం వల్ల వచ్చింది కాదు, ఆడడం వల్ల. మిషనులోకి ఎక్కించే ప్రతి ఆటనీ మొదటి నుంచి చివరి దాకా తనే ఆడి చూస్తాడు. ఆటలో తొమ్మిదో మెట్టుకి చేరాక బట్టలు చాలని ఆడబొమ్మ వస్తే ఆ ఆట బయటికి. మనిషిని నరికినప్పుడు నెత్తురు చిమ్మితే బయటికి. పొలం ఆటలో నాలుగో మెట్టు దాటాక, యూదులకి నిషిద్ధమైన పందులు అమ్మకానికొస్తాయి. "బొమ్మ పందైనా పందేగా, రెబ్ జుండెల్?" అని, 'రెబ్' అంటూ మర్యాదగా పిలుస్తూనే, ఒకావిడ నిలదీస్తే, రెండు వారాలు కూర్చుని, ఒక్క పందినీ కొనకుండా ఆ ఆట ఎలా ముగించవచ్చో కనిపెట్టి కాగితం మీద రాసిచ్చాడు. గెదల్యా ఏ ఆటా ఆడి చూడడు. అట్టపెట్టె మీద బొమ్మ చూసి సీలు వేస్తాడు.

మూత ఊడదీసి, లోపలి పచ్చపలక మీద గోరంత వైఫై ముక్కని వేడిమొనతో కరిగించి పట్టకారుతో పైకి లేపాడు. ఆ ఖాళీ మీద జిగురు పోశాడు. ఇక ఆ మిషనుకి బయటి ప్రపంచం లేదు. మూత బిగించి, స్క్రూ తల మీద ఎర్ర గోళ్లరంగు ఒక చుక్క పెట్టాడు. చుక్క పగలకుండా ఉన్నన్నాళ్లూ ఎవరూ విప్పలేదని గుర్తు. అదే జుండెల్ సీలు. మందులషాపులో ఆ సీసా కొన్న మొదటిరోజు, "ఎవరికో అదృష్టం!" అని షాపువాడు నవ్వాడు. పీకిన ముక్కని కిటికీలో ఉన్న దోసకాయల ఊరగాయ సీసాలో పడేశాడు. చిన్న చప్పుడైంది. పంతొమ్మిదేళ్ల ముక్కలు అందులో మెడ దాకా వచ్చాయి. మిషను కొనే ఆడవాళ్లు ముందు ఆ సీసా వైపు చూసి, తరవాత బేరం మొదలుపెట్టేవాళ్లు.

పెట్టేవాళ్లు. ఇప్పుడు కాదు. వీధి చివర గోడకి నల్లక్షరాల నోటీసు అంటించి పది రోజులైంది. 'కమిటీ సీలు లేని మిషను ఉన్న ఇంటి పిల్లలకు బడిలో చోటుండదు. మెట్లకింది కొట్లవాళ్ల మాటలు నమ్మవద్దు.' కొట్లవాళ్లట! బ్నె బ్రాక్‌లో మెట్లకింద గేమ్ మిషన్లు విప్పే కొట్టు ఎన్ని? ఒక్కటి. పేరు రాసే ధైర్యం కూడా లేదు వెధవకి.

సీలు కావాలంటే గెదల్యా ఇస్తాడట. నేరుగా వచ్చి చెప్పాడు. కానీ విప్పడం మానెయ్యాలి. విప్పితే రోజుకి ఆరు మిషన్లు; వైఫై ముక్కని లోపలే ఉంచి, అంకె పెట్టి తాళం వేస్తే అరవై. పైన సీలు కాగితం అంటిస్తే అయిపోయింది.

"నువ్వు తలుపు మూస్తున్నావురా. నేను గోడ కడుతున్నాను" అన్నాడు జుండెల్ అప్పుడు.

"గోడలు కట్టేవాడికి మెట్లకింద చోటే మిగుల్తుంది, జుండెల్" అన్నాడు గెదల్యా.

అదీ నిజం చేశాడు. మేడ యజమాని పెసఖ్ రోట్నర్ సోమవారం వచ్చి, గుమ్మంలోనే నిలబడి, వేళ్లు నలుపుకుంటూ చెప్పాడు. "నాకూ బడికెళ్లే మనవలున్నారు, రెబ్ జుండెల్. శుక్రవారం పన్నెండింటి లోపల సీలన్నా తెచ్చుకోండి, ఆ సీలు తప్పని రుజువన్నా చూపించండి. రెండూ లేకపోతే తాళంచెవి ఇచ్చెయ్యండి. మీరే ఆలోచించండి."

తొమ్మిదిన్నరకి ఒకావిడ వచ్చింది. జుండెల్ తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది. పరాయి ఆడమనిషితో మూసిన గదిలో ఉండకూడదు. ఆవిడ గుమ్మం దాటలేదు. ముప్పైఅయిదేళ్లుంటాయి. పెళ్లయిన ఆడవాళ్లు జుట్టు దాచుకోడానికి పెట్టుకునే గోధుమరంగు విగ్గు ఒకవైపు జారింది, సర్దుకోలేదు. వెనక పదేళ్ల పిల్ల, రెండు జడలు, బిగించి కట్టిన షూలేసులు. ఆవిడ తువ్వాల్లో చుట్టిన వస్తువు చేతికివ్వకుండా బల్ల అంచున పెట్టి వెనక్కి జరిగింది.

జుండెల్ తువ్వాలు విప్పాడు. గేమ్ మిషను. అంచు మీద అడ్డంగా కమిటీ సీలు, దాని మీద నంబరు.

"ఇది నాది కాదమ్మా. గెదల్యా దగ్గరికెళ్లండి."

"వెళ్లలేను." ఆవిడ గొంతు తగ్గించింది. "తెరిచేసింది. ఇది. నిన్న సాయంత్రం చూశాను."

జుండెల్ పిల్ల వైపు చూశాడు. పిల్ల షూల వైపు చూసుకుంటోంది.

"అంకె ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆరువందల పదమూడు రెండుసార్లు కొట్టాను." అంతటితో ఆగక, "ఇంకేం పెడతారు?" అంది.

యూదుల ధర్మగ్రంథం తోరాలో ఆజ్ఞలు ఆరువందల పదమూడు. ఈ ఊళ్లో మాటలొచ్చిన ప్రతి పిల్లకీ వచ్చే మొదటి పెద్ద అంకె అదే. గెదల్యా గాడు ఊరంతటి మిషన్లకీ అదే తాళం వేశాడు! జుండెల్ ఉబ్బిన వేలితో ఆరు నొక్కులు నొక్కాడు. తెర విచ్చుకుంది. పై అంతస్తుల వైఫైల పేర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. జుండెల్‌కి సంతోషం వేసింది. పది రోజుల తరవాత మొదటి సంతోషం.

"ఆ ముక్క పీకెయ్యండి. మీరు పీకుతారని విన్నాను. ఎవరికీ తెలియకూడదు, దేవుడి మీద ఒట్టు! ఈ నంబరు పక్కన మా పేరు, దీని బడి పేరు కమిటీ పుస్తకంలో ఉన్నాయి. బయటపడితే రేపు ఆదివారానికల్లా పేరు కొట్టేస్తారు. దీని తరవాత ఇంకా ముగ్గురున్నారు నాకు."

"మరి నా మిషను ఎందుకు కొనలేదు?"

ఆవిడ వీధి చివరి గోడ వైపు చూసింది. నోటీసు ఆవిడా చదివింది.

"ఏం చూశావు ఇందులో?" అని పిల్లనడిగాడు, కటువుగానే.

"మంచు" అంది పిల్ల. తల్లి చెయ్యి భుజం మీద పడ్డా ఆగలేదు. "అంతా మంచు. కుక్కలు బండి లాగుతున్నాయి. పన్నెండు కుక్కలు. ముందున్నదానికి ఒక కన్ను నీలం."

"తరవాత?"

"తరవాత బ్యాటరీ అయిపోయింది."

"పన్నెండుంబావుకి రండి" అన్నాడు జుండెల్. ఏం చేస్తానో చెప్పలేదు. ఆవిడ పిల్లని లాక్కుంటూ వెళ్లిపోయింది.

మిషను బల్ల మీద ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఉంచితే చాలు. పన్నెండింటికి రోట్నర్ వస్తాడు. ఆరు నొక్కులు. ఇదిగో మీ సీలు, ఇదిగో మీ కార్యదర్శి. గెదల్యా మొహం ఎలా మాడుతుందో జుండెల్ ఊహించుకున్నాడు. ఆ మాడిన మొహాన్ని రోట్నర్ ముందు పెట్టాడు, సినగాగులో అందరి ముందూ పెట్టాడు, వీధి గోడ మీద నల్లక్షరాలతో అంటించాడు. టీ పోసుకున్నాడు. చల్లారిపోయింది. తాగలేదు.

ముందున్నదానికి ఒక కన్ను నీలం.

అతనికి పదిహేనేళ్లప్పుడు, యెషివా మతపాఠశాల హాస్టల్లో, తలగడ కింద దాచుకున్న అరచేతంత ట్రాన్సిస్టరు రేడియో పెద్దల కంట పడింది. అందులో ఏం విన్నావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు. ఓడలకి చదివే వాతావరణం. హైఫాలో అలలు మీటరున్నర, ఎయిలత్‌లో గాలి నిదానం. అంతే. సముద్రం మీద రాత్రిపూట ఓడలున్నాయని ఆ గొంతు చెబుతుంటే నిద్రపట్టేది. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దించి గేటు బయట నిలబెట్టారు. తండ్రి వచ్చి తీసుకెళ్తూ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరవాత బతికినన్నాళ్లూ పెద్దగా మాట్లాడలేదు. చదువులేనివాడికి వచ్చే సంబంధం వచ్చింది, చదువులేనివాడికి దొరికే పని దొరికింది, సినగాగులో తలుపు పక్క కుర్చీ దొరికింది. ఒక నీలంకన్ను కుక్కకి ఈ పిల్ల ఎంత చెల్లించాలి?

"థూ!" అన్నాడు పైకే. ఎవర్నన్నాడో అతనికే తెలియదు. గెదల్యానో, కమిటీనో, ఆ తల్లినో. పైసా సాయం చెయ్యకుండా పది రోజులు ఈ కొట్టు తప్పించి వీధికి అవతలి పక్క నడిచి, ఇవాళ తన ఒళ్లో నిప్పు పెట్టి వెళ్లిందే, ఆవిడనే అయ్యుండాలి.

పదకొండున్నరకి ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టాడు. ఆవిరి మీద మిషను అంచు పట్టి, సీలు కాగితం మెత్తబడ్డాక, చిరగకుండా, నంబరు ముడత పడకుండా ఒలిచాడు. అలాంటి చెత్త కాగితాన్ని అంత జాగ్రత్తగా పట్టుకోవలసి వచ్చినందుకు పళ్లు నూరుకున్నాడు. నాలుగు స్క్రూలు. వేడిమొన. పట్టకారు. జిగురు. మూత బిగించాక అలవాటుగా గోళ్లరంగు సీసా వైపు చెయ్యి వెళ్లింది. సగం దారిలో ఆగింది. గెదల్యా మిషను మీద ఎర్ర చుక్క కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో అతను గుర్తు పెట్టని పని అదొక్కటే. సీలు కాగితాన్ని మళ్లీ దాని చోట అంటించి వేలితో నొక్కి పట్టాడు. పీకిన ముక్కని జిగురంటిన వేళ్లతోనే సీసాలో వేశాడు. మిషనుని తువ్వాల్లో చుట్టాడు.

పన్నెండింటికి రోట్నర్ వచ్చాడు. వెనకే గెదల్యా. కొత్త టోపీ, చలవచేసిన కోటు, చంకలో పుస్తకం.

"సీలు తెచ్చారా, రెబ్ జుండెల్?" అన్నాడు రోట్నర్.

"లేదు."

"పోనీ రుజువు?"

జుండెల్ తువ్వాలు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "లేదు."

"పది రోజులు ఊరంతా తిరిగి నా మిషన్లు పనికిమాలినవని అరిచావు. ఒక్కటంటే ఒక్కటి చూపించలేకపోయావు. నేను ముందే చెప్పానుగా రోట్నర్, ఇతనిది కుళ్లు" అన్నాడు గెదల్యా.

"నీ అంకె మార్చుకో, గెదల్యా."

గెదల్యా నవ్వు పెదాల దగ్గరే ఎండిపోయింది. "ఏ అంకె?"

"నువ్వేం పెట్టావో నీకు తెలుసు. ఇవాళే, సాయంత్రం షబ్బత్ విశ్రాంతి మొదలయ్యే సైరన్ మోగే లోపలే మార్చు. ప్రతి మిషనుకీ వేరేది పెట్టు."

"ఎవరు చెప్పారు నీకు? ఏ ఇల్లు?" పుస్తకం చంకలోంచి చేతిలోకొచ్చింది. "పేరు చెప్పు, జుండెల్! ఏ ఇల్లు?"

"నేనూ చిన్నప్పుడు బడికెళ్లానురా, గాడిదా. ఇంకేం పెడతావు నువ్వు?"

రోట్నర్‌కి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం అతనికి ఇష్టమూ లేదు. చెయ్యి చాపాడు. జుండెల్ గుత్తిలోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టాడు. గెదల్యా అప్పటికే వీధిలో ఉన్నాడు, కోటు అంచులు పట్టుకుని, దాదాపు పరుగు.

పావుగంటకి ఆవిడొచ్చింది. ఒక్కతే. జుండెల్ తువ్వాలు మూటని మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాడు. ఆవిడ తీసి, సీలు వైపు చూసి, వేలితో తడిమి, ఊపిరి వదిలింది.

"విప్పినట్టే లేదు!"

"లేదు" అన్నాడు.

ఆవిడ చూపు ఖాళీ అవుతున్న అరల మీద పడింది. "మీరు కూడా ఆ సీలేదో తీసుకోవచ్చు కదా, రెబ్ జుండెల్. ఎందుకింత మొండితనం? షబ్బత్ షాలోమ్" అని మెట్టు దిగి వెళ్లిపోయింది.

అతను భూతద్దం, వేడిమొన, పట్టకారు, ఫ్లాస్కు ఒక ప్లాస్టిక్ సంచీలో వేసుకున్నాడు. మడిచిన చొక్కా చేతులు దింపుకుని గుండీలు పెట్టుకున్నాడు. టోపీ సర్దుకుని, వెనక్కి చూడకుండా, బేకరీ ముందు బారుతీరిన జనం మధ్య నుంచి ఇంటివైపు నడిచాడు. అతను వెళ్లాక రోట్నర్ మేనల్లుడు వచ్చి కొత్త అద్దెదారు కోసం టేపు పరిచి కొలిచి, గోడ మీద పెన్సిలుతో రాశాడు. పొడవు మూడు మీటర్ల ఇరవై, వెడల్పు మీటరు ఎనభై. అయిదు పాయింట్ డెబ్బైఆరు చదరపు మీటర్లు. కొలుస్తుంటే అతని మోచెయ్యి తగిలి కిటికీలో దోసకాయల సీసా ఒక్కసారి గలగలమంది. అతను దాన్ని గోడవైపు కాస్త జరిపి తలుపు మూశాడు, అన్నిటికన్నా పైన జిగురింకా ఆరని ముక్క ఒకటి సీసా గాజుకి అంటుకునే ఉంది.