కట్టేసిన అల

నేను ఒక ఆసిలోస్కోపును. తీగలో కరెంటు ఎలా లేచి పడుతోందో తెర మీద అలగా గీసి చూపిస్తాను. నా పేరుకు ముందు డిజిటల్ స్టోరేజ్ అని కూడా ఉంది. నా చిక్కంతా ఆ స్టోరేజ్‌తోనే.

మా పాతతరం పెట్టెల్లో తీగ పీకితే అల పడుకునేది. నాలో అలా కాదు. వచ్చిన వోల్టేజిని ఒక చిప్పు క్షణక్షణం కొలిచి అంకెలు చేస్తుంది. అవి మెమరీ గడుల్లో వరసగా చేరతాయి. తెరను నడిపే సర్క్యూటుకు తీగ సంగతి తెలియదు. అది మెమరీని మాత్రమే చదువుతుంది. మొదటి గడిలో ఎంత ఉంటే ఎడమ అంచున అంత ఎత్తులో ఒక చుక్క, పక్క గడికి పక్కన ఇంకో చుక్క. కుడి అంచు చేరగానే మళ్లీ మొదలు. స్టాప్ బటన్ నొక్కితే మెమరీ తలుపు మూసుకుంటుంది. కొత్త అంకెలు బయటే ఉండిపోతాయి. తెర సర్క్యూటు పాత అంకెలనే గీస్తూ ఉంటుంది. ఆగి ఉన్నానని తెర పైమూల రాస్తాను గాని, ఆ మూల నల్లబడిపోయింది. నన్ను మొదట కొన్న టీవీల ఫ్యాక్టరీలో జరిగిందది. ఫ్యాక్టరీ మూతపడ్డాక వేలంలో విజయనగరం వైపు ఒక పాలిటెక్నిక్‌కు వచ్చాను.

అక్కడి లెక్చరర్ చిన్నంనాయుడు. ప్రాక్టికల్ పరీక్ష రోజు పిల్లల సర్క్యూట్లు సగం పనిచేయవు. అందుకని ఆయన పొద్దున్నే ఒక మంచి అలను నాలోకి ఎక్కించి స్టాప్ నొక్కేవాడు. దీన్ని అలను కట్టేయడం అనేవాడు. "పిల్లలు పాసవ్వాల గదా" అని తనలో తను అనుకునేవాడు. పరీక్షలో నా బటన్లు ఎవరూ ముట్టుకోకూడదని రూలు పెట్టాడు.

ఈసారి పరీక్షకు వచ్చినవాళ్లలో పైడితల్లి అనే అమ్మాయి ఉంది. నిరుడు జ్వరం వచ్చి ఈ ప్రాక్టికల్ తప్పింది. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. ఇది గట్టెక్కితేనే చేర్చుకుంటారు. ఆమె సర్క్యూటు పనిచేస్తోంది. తీగ నాకు తగిలించింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు తెర చూసి తలూపి, వెళ్లబోతూ ఆగి ఆమె సర్క్యూటు మీది నాబ్ చూపించాడు.

"ఈ నాబ్ తిప్పితే ఏమవుద్దమ్మా?"

"అలలు దగ్గరకొస్తాయి సార్. తిప్పమంటారా?"

జవాబు చెప్పి ఊరుకుంటే పాసయ్యేది. తిప్పింది. ఆమె అలలు దగ్గరయ్యాయి, నా గుమ్మం దాకా వచ్చాయి. తలుపు మూసి ఉంది. తెర మీద పొద్దుటి అల కదల్లేదు.

"ఏదీ? నన్ను కళ్లజోడు మార్చుకోమంటావా?"

మళ్లీ తిప్పింది. చివరికి తీగ పీకింది. అల అలాగే ఉంది.

"తీగ తీసీసినా ఉంది సార్. ఇది నా అల కాదు సార్."

పరీక్షకుడు చిన్నంనాయుడి వైపు చూశాడు. చిన్నంనాయుడు చెయ్యి చాచి నా స్విచ్ ఆపేశాడు. "పాతది సార్. ఒకోపాలి బిగిసిపోద్ది."

కరెంటు పోతే నా మెమరీ ఖాళీ. చెప్పడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు.

"మళ్లీ ఎయ్యండి సార్, చూపిస్తాను" అంది పైడితల్లి.

"బయట రెండో బ్యాచ్ నిలబడుంది తల్లీ. మళ్లీ రాద్దువులే, పద" అన్నాడు చిన్నంనాయుడు.

పరీక్షకుడికి, అదే అల చూసి అప్పటికే పాస్ చేసినవాళ్లు గుర్తొచ్చారు కాబోలు. ఆమెకు సున్నా వేసి టీకి వెళ్లాడు.

గది ఖాళీ అయ్యాక చిన్నంనాయుడు నన్ను ఆన్ చేశాడు. రెండో బ్యాచ్‌కు అల కావాలి. బల్ల మీది సర్క్యూట్లు ఒక్కొక్కటే తగిలించాడు. తెర మీద అడ్డగీత తప్ప ఏమీ రాలేదు. ఆఖరున పైడితల్లిది తగిలించాడు. అల లేచింది. నాబ్ తిప్పాడు. అలలు దగ్గరయ్యాయి. 

"బంగారంలాగుంది" అన్నాడు. స్టాప్ నొక్కాడు.

రెండో బ్యాచ్‌లో ఎవరు తీగ తగిలించినా ఆ అలే గీశాను. పరీక్షకుడు అందరికీ తలూపాడు. ఈసారి నాబ్ తిప్పమని ఎవరినీ అడగలేదు. పైడితల్లి మెట్ల మీద ఇంకా కూర్చునే ఉందని, వరసలో నిలబడ్డ ఒకడు పక్కవాడితో అన్నాడు.

"ఏటైందట?"

"సర్క్యూటు పనిచెయ్యలేదట."

నేను గీస్తూనే ఉన్నాను.