వేరుశనగ పూల అంచు

కొత్త పడుగు అతకడానికి మగ్గం ముందు కూర్చుని వేళ్ళకు బూడిద రాసుకున్నాను. పాత పోగు కొసనీ కొత్త పోగు కొసనీ పట్టుకుని మెలిపెట్టాలి. ఇలా వేల పోగులు. ఇది అయితే గానీ మగ్గం ఆడదు. అయినా మా ధర్మవరంలో దీన్ని ఎవరూ పని అనరు. మా ఇంట్లో నేసేదెవరంటే మా ఆయన జయరాముడి పేరే చెబుతారు. ఇన్నాళ్ళూ నేనూ అదే చెప్పాను.

కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త హనుమంతమ్మ వీధంతా చెప్పుకునేది. "మా త్రివేణికి తెలివీ ఇచ్చినాడు దేవుడు, అణకువా ఇచ్చినాడు." నేను మురిసిపోయేదాన్ని. నోరు తెరవబోయిన ప్రతిసారీ ఆ రెండో వరాన్నే గుర్తుచేస్తారని అప్పుడు తెలియదు.

రెండువేల మూడు కరువులో చీరలు కదల్లేదు. పక్క వీధిలో మగ్గాలు మూతపడ్డాయి. "అదే హంస, అదే మామిడిపిందె. కొత్త అంచు తెస్తేనే పట్టు ఇస్తా" అన్నాడు సావుకారు గంగాధరప్ప. మా ఆయన అన్నం మానేసి గోడకు చేరగిలబడ్డాడు. మా పుట్టిల్లు కంబదూరు పక్కన. చిన్నప్పుడు వానలు పడిన ఏడు వేరుశనగ చేలల్లో కలుపు తీసేదాన్ని. పసుపుపచ్చటి చిన్న పువ్వు వాడిపోయాక దాని కింది నుంచి ఊడ దిగి నేలలోకి దూరుతుంది. కాయ అక్కడే, ఎవరికీ కనబడకుండా ఊరుతుంది. అదంతా ముందు వాకిట్లో ముగ్గేసి చూసుకున్నాను. తర్వాత గళ్ళ కాగితం మీద వేశాను. ఎక్కడ జరీ రావాలో, ఎక్కడ పట్టు రావాలో పొయ్యి దగ్గర కూర్చుని చెబుతుంటే ఆయన తలూపుతూ విన్నాడు. "నీకెట్ల తట్టిందే ఇది?" అని ఒక్కసారి అడిగాడు. ఆ మాటతోనే నాకు కడుపు నిండిపోయింది.

ఆ అంచుతో మా మగ్గం నిలబడింది. ఇన్నేళ్ళకు నిన్న చౌడమ్మ గుడిలో నేతగాళ్ళ సంఘం వాళ్ళు ఆ అంచు తెచ్చినందుకని ఆయనకు శాలువా కప్పారు. నేను వెనక చిత్రాన్నం వడ్డిస్తున్నాను. ఆయన చేతికి మైకు ఇచ్చారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక్కసారి నా పేరు వినపడుతుందేమోనని సిగ్గు లేకుండా ఎదురుచూశాను.

"నాదేముందప్పా" అన్నాడాయన, చౌడమ్మ వైపు చేతులు జోడించి. "ఆ యమ్మే నా తలకాయలో పెట్టింది. అంతా దేవుడిచ్చిన తెలివే."

"ఎంత అణకువప్పా ఈ మనిషికి!" అన్నాడు గంగాధరప్ప. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన గొప్పలు చెప్పుకుని ఉంటే ఇంటికొచ్చి పోట్లాడేదాన్ని. ఇంత వినయంగా నన్ను తుడిచేస్తే ఏమని పోట్లాడను? గర్భగుడి వైపు తిరిగాను. తెలివి నువ్వే ఇచ్చావు, కాదనను, కానీ ఎవరికిచ్చావో నీకైనా గుర్తుందా తల్లీ అని అడిగాను. ఏడుపు ఆగలేదు. మిరపకాయ ఘాటని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను.

దారిలో అత్త నా ముఖం చూసింది. "మొగుని పేరే మన పేరు కదమ్మే. నేను ముప్పై ఏండ్లు అతికినా, నన్నెవరు అడిగినారు?" అంది. చెప్పి చెప్పి అరిగిపోయిన మాట అది. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. రాత్రంతా నాకు అదే బాధగా ఉంది.

ఇప్పుడు మా ఆయన మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. నిన్నటి శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"బిరీన అతుకు. పండగకు ఇంకా చీరలు కావాలని సావుకారు అడుగుతాండాడు."

పోగు నా వేళ్ళ మధ్యే ఉంది. తెంచలేదు. మెల్లగా వదిలి, లేచి, తొట్టి దగ్గర చేతుల బూడిద కడుక్కున్నాను.

"యాడికి పోతాండావే? మరి అతికేదెవరు?"

గడప దగ్గర అత్త చేట పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఆ యమ్మనే పిలువు మామా" అన్నాను. "అంచు ఇచ్చిన తల్లి, పోగులు అతికేదానికి రాకుండా పోతాదా?"