అమ్మకి ఇష్టమేనట

"రేపు క్లాసులో ఈ పిల్ల ఏం వాగి నా పరువు తీస్తుందో ఏమో!" పెనం మీద గుమ్మడి ముక్క తిరగేస్తూ మిరాన్ పైకే అనేసింది.

రేపు బడిలో తల్లిదండ్రుల ముందు పాఠం. అమ్మలంతా వెనక గోడకి ఆనుకుని నిలబడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు అన్న మాటలు పట్టుకొచ్చి, ఏది వాస్తవమో ఏది అభిప్రాయమో పిల్లలు లేచి చెప్పాలట. నాలుగో తరగతికి ఇంకే పాఠమూ దొరకలేదా? కూతురు హారిమ్‌కి మాట దాచుకోవడం రాదు. తక్కిన తల్లులు నవ్వుకోవడం, ఆ నవ్వు అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి రావడం, అక్కణ్ణించి అత్తగారి చెవిన పడటం, ఆవిడ బీపీ పెరిగి ఆస్పత్రిపాలవడం దాకా మిరాన్ మనసు అప్పుడే వెళ్ళొచ్చింది.

"దేగు ఊళ్ళో ఎండలెక్కువ అని చెప్పవే తల్లీ. ఎవరికీ బాధుండదు."

"అది మనింటి మాట కాదుగా అమ్మా! వాస్తవమంటే ఎవరైనా సరిచూసుకోగలగాలంట. అభిప్రాయమంటే ఎవరికి తోచింది వాళ్ళదంట."

ఆ రోజు మామగారి తద్దినం. మిరాన్ కాపురానికి రాకముందే పోయిన మనిషి, ఆయన ముఖమైనా ఆమె చూడలేదు. ఆయన కోసం మార్టులో కౌంటర్ పనికి సెలవు పెట్టి, పొద్దున్నించీ సొరచేప ముక్కలు పుల్లలకి గుచ్చుతూ, కాలుస్తూ, వేయిస్తూ నడుం వంచే ఉంది. పోయినవాళ్ళు ముట్టకముందు ఉప్పు చూడకూడదు. ఏటా నోరు కట్టేసుకునే వండుతుంది. పొద్దుగూకాక భర్త థేసిక్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, అగరొత్తి వెలిగించి, సాగిలపడి లేచాడు. మొక్కడం మగవాళ్ళ వంతు; మిరాన్ వంటింటి గుమ్మం ఇవతలే ఆగిపోయింది.

"మా వాడు తండ్రికి ఏ లోటూ లేకుండా పెట్టాడు," అని అత్తగారు కళ్ళొత్తుకుంది.

భోజనాల దగ్గర థేసిక్ ముఖం చిట్లించాడు. "హారిమ్ వాళ్ళమ్మా, మాంసం చారులో ఉప్పెక్కువైంది."

"అభిప్రాయం!" అంది హారిమ్.

"ఏం కాదు, నా నాలుక చెప్తోంది. వాస్తవమే."

"నానమ్మ రెండోసారి పోసుకుందిగా మరి?"

"ఒరే, ఇది ప్లీడరయ్యేట్టుంది," అని అత్తగారు నవ్వి, మనవరాలి వైపు తిరిగింది. "మీ అమ్మని చూసి నేర్చుకోవే. ఇంత వంట చేసి నోరు మెదిపిందా? వండి పెట్టడమంటే దానికి ప్రాణం."

"ఊరికే కూచోమంటే తనకే తోచదు," అన్నాడు థేసిక్.

హారిమ్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "అమ్మకి వండి పెట్టడం ఇష్టం. ఇది వాస్తవమా, అభిప్రాయమా?"

"వాస్తవమే," అన్నారు తల్లీ కొడుకూ.

"ఎవరు సరిచూశారు?"

"ఒకింట్లో ఉన్నవాళ్ళం, మాకు తెలీదుటే?"

"అమ్మనడిగారా?"

థేసిక్ మిరాన్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. నీ కూతురి నోరు మూయించు అని అర్థం. ఒక్క మాట జారితే ఏమవుతుందో వరసగా కళ్ళకి కట్టింది. అత్తగారు గుండె పట్టుకుంటుంది. రేపటికి ఆడపడుచుల ఫోన్లు. నెలల తరబడి థేసిక్ మూతి ముడుచుకుంటాడు. అవునంటే ఏ గొడవా లేదు. అవునంటే రేపు పిల్ల నిలబడి, అమ్మకి ఇదంతా ఇష్టమే, వాస్తవం, అని క్లాసంతటికీ వినిపించేలా చెప్తుంది. చెప్పి, నమ్ముతుంది. పెరిగి పెద్దయ్యాక ఏదో వంటింట్లో నోరు కట్టేసుకుని నిలబడి, మా అమ్మకి ఇష్టమయ్యేది, నాకెందుకు కావట్లేదు అని తనలోనే తప్పు వెతుక్కుంటుంది. ఇంతకాలం మిరాన్ భయపడ్డ వాటిల్లో ఇది ఒక్కసారి కూడా లేదు.

చారు మీద నెయ్యిలా కొవ్వు పేరుకుంటోంది. థేసిక్ గొంతు సవరించుకున్నాడు. అయినా పిల్ల తల్లి ముఖం మీంచి కళ్ళు తిప్పలేదు.

"అది వాళ్ళ అభిప్రాయం హారిమ్," అంది మిరాన్. "నాకిష్టం లేదు. ఏనాడూ లేదు. రేపు క్లాసులో ఇదే చెప్పు."