చెయ్యి వణికినా బొమ్మ వణకదు

అట్టపెట్టె మూతకు అంటించిన టేపును గోటితో పీకుతున్నాడు నిదానం. సొరుగులో కత్తెర ఉంది. ఉన్నా ముట్టుకోడు. కొత్త వస్తువు ఇంటికి తెచ్చుకున్న ఆత్రంలో కత్తెర ఎవరు వెతుక్కుంటారని ఆయన వాదన. గోరు జారి జారి, చివరికి పెట్టె మీది రంగును కూడా ఊడబెరుక్కుంటూ వచ్చింది టేపు.

"బోణీ బాగుంది," అనుకున్నాడు.

అది వినియోగదారుల మాసపత్రిక ఆఫీసులో పరీక్షల గది. అందరిలాగే బజారులో కొని తెచ్చిన గొడుగులు, ఇస్త్రీపెట్టెలు, టార్చిలైట్లు ఆ బల్ల మీదికి వస్తాయి. వాటి మంచీ చెడూ ఆయన తేలుస్తాడు. గొడుగు సంగతి చెప్పడానికి నిజం వానలో నిలబడి జ్వరం తెచ్చుకున్న మనిషి. తొందరపడడం ఎరగడు కాబట్టి, చేరిన కొత్తలోనే నిదానం అన్నారు. జుట్టు తెల్లబడేదాకా ఆ పేరే వెంట వచ్చింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. కుడిచెయ్యి మాత్రం కొంతకాలంగా ఆయన మాట వినడం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా కనపడని తీగను మీటుతున్నట్టు వేళ్ళు ఆడుతూ ఉంటాయి.

ఇవాళ వచ్చింది వీడియో కెమెరా. చవకరకం. అరచేతిలో ఇమిడిపోతుంది, తడిపిన సబ్బుబిళ్ళలా జారుతుంది. బ్యాటరీ ఎటు పెట్టినా పట్టినట్టే ఉండి, ఒకవైపే పనిచేస్తుంది. మూత తెరవడానికి గోరు కావాలి, గోరుకు ఓపిక కావాలి. వీడియో మీటా, ఫోటో మీటా కవలపిల్లలు. ఒకటి నొక్కబోతే రెండోది పలుకుతుంది. కిటికీ దగ్గరికి వెళితే ఎండకు తెర నల్లపలక అయిపోయింది. లైటు ఆర్పితే గోడలన్నిటి మీదా ఇసుక చల్లినట్టుంది. అయినా గొంతు బాగా పడుతోంది. ఆ మాటా ఒప్పుకోవాలి. తిట్టదలచుకున్నవాణ్ణి కూడా సగం దాకా మెచ్చుకోవడం ఆయన పద్ధతి.

పెట్టె మీద అన్నిటికన్నా లావు అక్షరాలు: చెయ్యి వణికినా బొమ్మ వణకదు.

ఆయన అది చదువుతూ ఉండగానే ఎడిటరమ్మ మూడుకాళ్ళ స్టాండు పట్టుకుని లోపలికి వచ్చింది. వయసులో ఆయన కూతురంత.

"నిదానంగారూ, ఈసారి దీని మీద పెట్టి తీయండి."

"ఇది కొనేవాళ్ళ ఇళ్ళల్లో స్టాండు ఉంటుందా అమ్మా?"

ఆమె ఆయన చేతి వంక చూడకుండా ఉండడానికి పెట్టె వంక చూసింది. "అది కాదు... మీ చేత్తో తీస్తే కెమెరాకు అన్యాయం చేశామంటారు."

"వణికినా ఫరవాలేదని వాళ్ళే రాశారు. వణికే చెయ్యి నాకుంది. ఇంతకు మించిన పరీక్ష సామాను మీ ఆఫీసు మొత్తంలో ఎక్కడుంది?"

ఆమె నవ్వబోయి ఆపుకుంది. "వచ్చే నెల నుంచి మిమ్మల్ని ఉత్తరాల విభాగానికి మార్చాలని అనుకుంటున్నాం. కూర్చుని చేసే పని. హాయిగా ఉంటుంది."

"హాయి నేనడిగానా?"

స్టాండును గోడకు ఆనించి వెళ్ళిపోయిందామె. నిదానం కెమెరాను జేబులో వేసుకుని భోజనానికి ఇంటికి బయలుదేరాడు.

మేడ మీద భార్య తడిబట్టలు ఆరేస్తోంది. కొంగుకు క్లిప్పు, భుజాన దుప్పటి. ఈయన కెమెరా ఎత్తాడు.

"నన్నెందుకండీ? ఊళ్ళో ఇంకేం దొరకలేదా?"

"మాట్లాడుతూ ఉండు. గొంతు కూడా చూడాలి."

"గొంతు ఇన్నేళ్ళూ వింటున్నారుగా, ఇంకా పరీక్షేనా?"

తెరలో తాడూ, దుప్పటీ, ఆమె ముఖమూ ఎగిరెగిరి పడుతున్నాయి. భార్య వచ్చి ఆయన మోచేతి కింద చెయ్యి వేసింది. రోజూ అన్నం దగ్గర, చొక్కా దగ్గర వేసినట్టే.

"పట్టుకోకు. పరీక్ష చెడుతుంది."

"అయితే ఇటివ్వండి." ఆమె కెమెరా లాక్కుని ఆయనవైపే తిప్పింది. తీస్తూనే, పక్కకు తెరుచుకునే తెరను ఆయనకు కనపడేలా మళ్ళించింది.

తెరలో మేడ తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పక్కన వేలాడుతున్న చెయ్యి ఆయనది కానట్టే ఉంది.

"అంత వణుకుతోందా?"

"మీకు తెలీదా?"

"లోపల్నుంచి ఇంత కనిపించదే."

ఆమె కొంగున ఉన్న క్లిప్పు తీసి తాడుకు గుచ్చింది. "అయితే ఏమైందట? అన్నం నోట్లోకే వెళుతోందిగా, చెవిలోకి కాదుగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా కెమెరాలో పడింది, మీట ఆపడం ఆమెకు తెలియక.

మధ్యాహ్నం ఎడిటరమ్మ గదిలో పెద్దతెర మీద ఆ బొమ్మలన్నీ వేశారు. ఆకాశం ఊగింది, మేడ ఊగింది. ఎడిటరమ్మ కళ్ళు తిరిగి బల్ల అంచు పట్టుకుంది. గొంతులు మాత్రం గంటల్లా వినిపించాయి.

"గొంతుకు మంచి మార్కులే వేశాను," అన్నాడు నిదానం. "మిగతాది ఇలాగే రాశాను. 'వణికే చేతులకు ఇది పనికిరాదు, పెట్టె మీది మాట నమ్మకండి.' ఆ వాక్యం తీయడానికి వీల్లేదు."

"వణుకుడు చేతులవాళ్ళు ఎంతమంది కొంటారు చెప్పండి?"

"మనవడు స్టేజీ ఎక్కితే వీడియో తీసుకోవాలనుకునేది ఎవరమ్మా? మీ వయసువాళ్ళా? వాళ్ళకు తీరికేది? ముందు వరసలో కెమెరా పట్టుకుని కూర్చునేది మాలాంటి వాళ్ళే. ఇంటికొచ్చి చూసుకుంటే పిల్లాడు కనపడడు. తప్పు తమ చేతిదే అనుకుని ఎవరికీ చెప్పుకోరు."

ఆమె రిమోట్ బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ ఇదే కావాలంటోంది," అంది. "పెట్టె మీది మాట చూసి."

"ఆమె చెయ్యి...?"

తల ఊపింది.

"కొనకండి," అన్నాడు నిదానం. "ఆ మాటే పత్రికలో వేయండి. వేస్తే ఇవాళే ఉద్యోగం వదిలి వెళ్ళిపోతాను, మీకు నా బెడద ఉండదు. వేయకపోతే మాత్రం రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను, ఈ బల్ల దగ్గరే కూర్చుంటాను. మీరు ఉత్తరాలు పంపినా ఇక్కడికే పంపాలి."

"వెళ్ళమని నేననలేదు."

"మీరు అనేదాకా ఆగడం ఎందుకని నేనే అంటున్నా."

అక్షరం మార్చకుండా ఆ వాక్యాన్ని ముద్రణకు పంపింది ఎడిటరమ్మ. పంపిన సంగతి చెప్పడానికి సాయంత్రం తనే పరీక్షల గదికి వచ్చింది. ఉండిపొమ్మని కూడా చెప్పాలనుకుంది. గది ఖాళీగా ఉంది. వాక్యం ముద్రణకు వెళ్ళిందని తెలిసిన వెంటనే నిదానంగారు లిఫ్టు వద్దని మెట్లమీదుగా దిగి వెళ్ళారనీ, రెయిలింగు కూడా పట్టుకోలేదనీ వరండాలో ఎవరో చెప్పారు.

ఆమె లోపలికి వచ్చి నిలబడింది. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. తలుపు వెనక మేకుకు ఆయన పని కోటు వేలాడుతోంది. గుండీలన్నీ తీసేసి, వేళ్ళకు సులువుగా ఉండేలా వాటి చోట ఎవరో ఓపికగా కుట్టిన, నొక్కితే పట్టుకునే బొత్తాలు. ఫ్యాను గాలికి దాని కుడి చెయ్యి ఆగకుండా ఆడుతూనే ఉంది.