చీకటి గదిలో లైటు వేసిన గురువారం

నేను ఒక అద్దాన్ని. బొట్టు పెట్టుకోవడానికీ, జుట్టు సర్దుకోవడానికీ వాడే అద్దాన్ని అనుకునేరు, కాదు. నాకు లోహపు పూత మరీ పలచగా వేశారు. వెలుగున్న గదిలోంచి చూస్తే మీ మొహం మీకే కనబడుతుంది. చీకటి గదిలోంచి చూస్తే మాత్రం నేను కిటికీని, అవతలి గదంతా కనబడుతుంది. వెలుగులో ఉన్నవాడికి చీకట్లో ఉన్నవాడు కనబడడు. ఇందులో నా ప్రమేయం లేదు సుమండీ, నన్ను అలాగే పుట్టించారు.

పుట్టింది చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో. మొదట కొన్నది ఒక బట్టల షాపు యజమాని. తన క్యాబిన్ గోడకి నన్ను బిగించి, కౌంటరు దగ్గర కుర్రాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారేమోనని వెనక కూర్చుని చూసేవాడు. చూస్తూ చూస్తూ గురకపెట్టేవాడు. కొన్నాళ్లకి ఆ షాపు మూతపడింది. సామానంతా అమ్మేస్తుంటే, ఉత్తరాంధ్రలో సముద్రం పక్కనున్న ఒక యూనివర్సిటీ వాళ్లు వచ్చి నన్ను పట్టుకెళ్లారు.

సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో రెండు గదుల మధ్య గోడలో పెట్టారు. ఇటు కౌన్సెలింగ్ గది: ట్యూబ్‌లైటు, రెండు కుర్చీలు, టిష్యూ పేపర్ల డబ్బా. అటు చీకటి గది. కౌన్సెలింగ్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఊరికే థీసిస్ రాస్తే సరిపోదట, నిజం మనుషుల కష్టాలు నిజంగా వినడం నేర్చుకోవాలట. వాళ్లు ఇటు కూర్చుని వింటుంటే, ప్రొఫెసర్ గారు అటు చీకట్లో కూర్చుని, వాళ్లు ఎలా వింటున్నారో చూస్తారు. గోడ అవతలి మాటలు ఒక చిన్న స్పీకర్‌లోంచి వినిపిస్తాయి. ఆహా, ఎంత గొప్ప చదువు! వినడం నేర్చుకోవడానికి కూడా పీహెచ్‌డీ కావాల్సి వచ్చిందా అని మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వను.

ఒక్క మాట. ఇందులో పేర్లన్నీ మార్చి చెబుతున్నాను. రహస్యం కాపాడటం గురించి ఇన్ని క్లాసులు విన్నాను, నాకూ ఆ మాత్రం మర్యాద ఉంది.

సంయుక్త పీహెచ్‌డీ నాలుగో ఏడు చదువుతోంది. తెలివైన పిల్లే, కానీ ఎదుటి మనిషి రెండు నిమిషాలు మాట్లాడకపోతే ఈమెకి కంగారు, వెంటనే ఏదో ఒక ప్రశ్న వేసేస్తుంది. “ఆ మౌనం ఆయనది. దాన్ని నువ్వు లాక్కోకు,” అని ప్రొఫెసర్ భుజంగరావు గారు ప్రతిసారీ తల వాచేలా చివాట్లు పెట్టేవారు. ఆ పిల్ల దగ్గరికి వచ్చినవాడు గురునాయుడు.

గురునాయుడు బస్సు డ్రైవరు. ఒకరోజు మలుపులో ఒక ముసలాయన సైకిలు మీద అడ్డం వచ్చాడు. గురునాయుడు బ్రేకు వేశాడు కానీ బస్సు తగలనే తగిలింది. ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే ఆయన పోయాడు. తప్పు డ్రైవరుది కాదని పోలీసులే తేల్చారు. అయినా ఆ రోజు నుంచి గురునాయుడు డ్రైవరు సీటులో కూర్చుంటే చేతులు వణికేవి. అతన్ని టైర్లు కడిగే పనిలో వేసి, బుర్ర బాగు చేయించుకుని రమ్మని డిపో మేనేజరు ఇక్కడికి పంపాడు.

మొదటి రోజే సంయుక్త నన్ను చూపించి ఉన్నదున్నట్టు చెప్పింది. “ఈ అద్దం వెనక మా సారు ఒక్కరే ఉంటారండీ. నేను సరిగ్గా చేస్తున్నానో లేదో చూడటానికి. మీకు ఇష్టం లేకపోతే వద్దంటాను.”

“పెద్దాయనే కదమ్మా, సూడనీ,” అన్నాడు గురునాయుడు.

ప్రతి గురువారం వచ్చేవాడు. “మలుపు తిరిగేను. ఆయన అడ్డమొచ్చేడు. బ్రేకేసేను,” అనేవాడు. అక్కడితో ఆగిపోయేవాడు. ఆ బ్రేకు తర్వాత ఏం జరిగిందో నోరు దాటేది కాదు. మిగతా సమయమంతా మౌనం. పాపం సంయుక్త ప్రశ్నలు మింగుకుంటూ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చునేది. ఆ మిగిలిన మాట బయటికి వస్తే తప్ప ఈ మనిషి మళ్లీ బస్సెక్కడని భుజంగరావు గారు అనేవారు.

ఇక ఆ గురువారం సంగతి.

ఆ రోజు భుజంగరావు గారి పుట్టినరోజు. ఈ డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆచారం ఉంది. ఎవరి పుట్టినరోజైనా సరే, చీకట్లో నక్కి, మనిషి లోపలికి రాగానే లైటు వేసి చప్పట్లు కొడతారు. అందుకు ఈ చీకటి గదికన్నా అనువైనది ఏముంటుంది? సారు ఎలాగూ అక్కడికే వస్తారు. కిరీటి అనే స్కాలరు, వాడితో ఇంకో నలుగురు, కేకు పెట్టుకుని, నెత్తిన కాగితం టోపీలు పెట్టుకుని ముందే చేరారు. గురునాయుడు అప్పటికి రాలేదు. రాడేమో అనుకున్నారు.

అంతలో ఇటు ట్యూబ్‌లైటు వెలిగింది. సంయుక్త గురునాయుణ్ని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

“అయ్యో, వచ్చేశాడే! ఇప్పుడెలా?” అంది ఒకమ్మాయి.

“ఆయన ఎలాగూ నోరు విప్పడు కదా. చప్పుడు చేయకుండా రెండు నిమిషాల్లో కోసేద్దాం,” అన్నాడు కిరీటి. స్పీకర్ కూడా పెట్టలేదు.

వాళ్లు విననే లేదు. నేను విన్నాను. ఆ రోజే, ఎన్నడూ లేనిది, గురునాయుడు తనంతట తానే మొదలుపెట్టాడు. “రాత్తిరి కల్లోకొచ్చేడమ్మా ఆయన. ఇయ్యాల సెప్పేస్తాను,” అన్నాడు. సంయుక్త ఒక్క ప్రశ్నా వేయలేదు. నా తల్లే, నేర్చుకున్నావమ్మా అని నేను మురిసిపోతున్నాను. “బ్రేకేసేనమ్మా. బండి ఆగిపోనాది. అప్పుడు నాను...” అంటున్నాడు. అటు తలుపు తెరుచుకుంది. భుజంగరావు గారు అడుగుపెట్టారు. కిరీటి చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

వద్దురా! వద్దురా కిరీటీ! అని అరిచాను. అద్దం అరుపు ఎవరికి వినిపిస్తుంది చెప్పండి?

లైటు వెలిగింది. ఇంతకాలం చీకట్లో కూర్చుని ఎదుటివాళ్లని చూసీ చూసీ, ఆ ఎదుటివాళ్లకి కూడా కళ్లున్నాయన్న సంగతే మరిచిపోయారు ఈ చదువుకున్నవాళ్లు. రెండు గదులూ వెలగడంతో నేను ఆ క్షణంలో అద్దాన్ని కాకుండా పోయాను. గురునాయుడికి తన మొహం ఉండాల్సిన చోట కేకూ, టోపీలూ, ఆరుగురు మనుషులూ కనబడ్డారు. ఐదుగురు నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. చప్పుడు వినిపించకూడదని మెల్లిగా, మరీ మెల్లిగా కొడుతున్నారు.

గురునాయుడు లేచి నిలబడ్డాడు.

“నాను సెప్తంటే సప్పట్లు కొడతన్నారేటమ్మా?”

అతను చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. అటు భుజంగరావు గారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివి అక్కడే ఆగిపోయాయి. ఛీ, నా బతుకు! బట్టల షాపులో ఉన్నప్పుడు కూడా ఇంత సిగ్గు ఎరగను.

తర్వాత జరిగింది నేను చూడలేదు, వీళ్ల మాటల్లో విన్నాను. సంయుక్త ఆ చెప్పులు పట్టుకుని, భుజంగరావు గారిని వెంటబెట్టుకుని డిపోకి వెళ్లింది. ఆయన టైర్ల మధ్య నిలబడి క్షమించమని అడిగారట. గురునాయుడు చేతులు తుడుచుకుంటూ, “ఒక్కపాలి నాను ఆ సీకటి గదిలో కూకుంటాను. తవరు నా కుర్సీలో కూకుని మీ కష్టం సెప్పండి బాబూ. ఎలాగుంటాదో తవరికీ తెలవాల కదా,” అన్నాడట.

డిపార్ట్‌మెంట్ అంతా గగ్గోలు. కౌన్సెలరు తన సొంత గోడు క్లయింటు ముందు వెళ్లబోసుకోకూడదనీ, ఏ పుస్తకంలోనూ లేదనీ కిరీటి గొంతు చించుకున్నాడు. “మనం కేకు కోయడం ఏ పుస్తకంలో ఉందిరా?” అన్నారు భుజంగరావు గారు.

మరుసటి వారం ఆయన ట్యూబ్‌లైటు కింద, గురునాయుడి కుర్చీలో కూర్చున్నారు. అటు చీకట్లో గురునాయుడు, పక్కన సంయుక్త. ఈసారి స్పీకర్ పెట్టారు.

భుజంగరావు గారు నా కేసి చూశారు. తన మొహం తనకే కనబడింది. గొంతు సవరించుకుని, “దుఃఖం అనేది...” అని పాఠం మొదలుపెట్టి, తనకే రోత పుట్టినట్టు ఆపేశారు. “మా తమ్ముడు...” అన్నారు. ఆగిపోయారు. మంచినీళ్లు తాగారు. మళ్లీ “మా తమ్ముడు...” అన్నారు. ఎంతమందికి మాట్లాడటం నేర్పిన మనిషి! నేను నిర్ఘాంతపోయాను.

గురునాయుడు ముందుకు వంగి చూస్తున్నాడు. గెలిచానన్న కళ ఆ మొహంలో వెతికాను, లేదు.

“సారుకి కూడా ఆగిపోతన్నాదమ్మా. పాపం, ఒక్కడే ఉన్నాడక్కడ,” అన్నాడు. “నువ్వు కూడా రా.”

ఇద్దరూ చుట్టు తిరిగి కౌన్సెలింగ్ గదిలోకి వచ్చారు. గురునాయుడు ఎదురు కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. సంయుక్త తలుపు దగ్గరే నిలబడింది. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు.

“బ్రేకేసేను బాబూ. బండి ఆగిపోనాది,” అన్నాడు గురునాయుడు. “జనం అందరూ దిగిపోనారు. నాను దిగనేదు. స్టీరింగు వదలనేకపోనాను. ఆ ముసిలాయన రోడ్డు మీద పడున్నాడు. ఆయనకి తెలివుంది బాబూ. బండి ముందద్దంలోంచి నా కేసే సూస్తన్నాడు. ఇంకెవుళ్ల కేసీ సూడనేదు. నాను దిగొస్తానని సూస్తన్నాడు.”

ఏడవడం చాలా చూశాను నేను. అలాంటి ఏడుపు చూడలేదు. భుజంగరావు గారు కుర్చీలోంచి లేచి, అతని ముందు నేల మీద కూర్చుని, వణికే ఆ రెండు చేతులూ పట్టుకున్నారు. “దిగలేకపోయావు,” అన్నారు. అంతే. ఇంకేమీ కలపలేదు. నా వెనక చీకటి గదిలో ఎవరూ లేరు.