హోరు ఆగిన ఇల్లు

మరిది గిటార్ వాయిస్తాడు, వదిన పాడుతుంది. ఇద్దరూ కలిసి ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటారు. గిటార్ ఆంప్లిఫయర్ హాల్లో, మిక్సర్ పడగ్గదిలో, మధ్యలో పొడవాటి ఆడియో వైరు. ఆ వైరు తగిలించినప్పటినుంచి ప్రతి పాట వెనకా గుయ్‌మని ఒకటే హోరు.

"నేను కందిరీగని మింగి పాడుతున్నట్టుంది," అని విసుక్కుంది వదిన.

మరిది ఎవరో చెప్పింది విని, ఆంప్లిఫయర్ ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు తీసేశాడు. హోరు టక్కున ఆగిపోయింది.

"చూశావా వదినా, చిటికెలో పని!" అన్నాడు. ఆ వైరు ఎందుకుంటుందో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం, ధ్వని ఇంకా బాగా రావాలని అతను ఆడియో వైరు పీకేసి, మిక్సర్‌కి తగిలించిన మైకుని ఆంప్లిఫయర్ ముందు నిలబెట్టాడు. రబ్బరు చెప్పులతో చెక్క కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్లు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు.

ఆంప్లిఫయర్ మీదున్న పాట కాగితం కోసం వదిన చెయ్యి చాపింది. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. పెట్టె ఇనప మూల వేలికి తగిలి చురుక్కుమంది. చీమేమో అనుకుని మళ్లీ ముట్టుకుంది. ఈసారి మోచేతిదాకా జివ్వున లాగింది.

ఆ పెట్టెలోంచే కదా గిటార్ తీగలకు వైరు వెళ్తోంది!

"ఒరేయ్, ఆపు! ఏదీ ముట్టుకోకు!"

అతనికి వినపడలేదు. ఎడమచెయ్యి తీగల మీదే ఉంచి, కుడిచేత్తో మైకు జరపబోయాడు. మైకు పట్టుకోగానే మనిషి కొయ్యలా బిగుసుకుపోయాడు. పళ్లు కరుచుకున్నాయి. వేళ్లు విడివడలేదు.

అతన్ని లాగేద్దామని వదిన ముందుకు దూకబోయి, ఆఖరి క్షణంలో ఆగింది. ముట్టుకుంటే తనూ అతుక్కుపోతుంది. వరండాలోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేసింది.

లోపల ఏదో దభీమని పడింది. ఆ తర్వాత చప్పుడు లేదు. పిలవాలంటే ఆమెకు భయం వేసింది. పలక్కపోతే?

"వదినా..." అని సన్నగా వినిపించింది.

ఆమెకు పోయిన ప్రాణం లేచివచ్చింది. ఆస్పత్రిలో గుండె పరీక్షలన్నీ చేసి, గండం గడిచిందని పంపేశారు. వేళ్ల మీద మాత్రం తీగలు కాల్చిన గీతలు మిగిలాయి.

వదిన పిన్నికి ఇలాంటి పెట్టెలు బాగుచేసే కొట్టుంది. ఆవిడ వచ్చి ఆంప్లిఫయర్ విప్పింది. లోపల ఒక కరెంటు వైరు తొడుగు అరిగిపోయి ఇనప పెట్టెకు ఆనుకుని ఉంది.

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారట్రా? ఎర్త్ ఉండుంటే పెట్టెకి తగిలిన కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు పోయేది. నీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. అది లేక కరెంటు నీ ఒంట్లోంచి మైకుకీ, మిక్సర్ ఎర్త్‌కీ దారి చేసుకుంది," అంది. "హోరు ఆపాలంటే ఆడియో వైరు దగ్గర ఆపుకోవాలి. ఎర్త్ జోలికి పోకూడదు."

ఆవిడ పాడైన వైరు మార్చింది, ఎర్త్ తిరిగి బిగించింది. ఆంప్లిఫయర్, మిక్సర్ రెండింటినీ ఒకే స్విచ్‌బోర్డుకి పెట్టించింది. ఆడియో వైరు మధ్యలో పాటని పోనిచ్చి హోరుని ఆపే అగ్గిపెట్టంత ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, అన్నీ మీటరుతో పరీక్షించి స్విచ్ వేసింది. హోరు లేదు.

అయినా మరిది చెయ్యి గిటార్ మీదికి పోలేదు. పిన్ని పెట్టె మీద చెయ్యి వేయబోతే, "ముట్టుకోకండి!" అని కేక పెట్టాడు.

ఆవిడ అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "ఇప్పుడు వాయించు, నాన్నా."

అతను ఒక్క తీగ మీటాడు. స్వరం శుభ్రంగా పలికింది. పాడదామని వదిన నోరు తెరిచింది కానీ ఏడుపే వచ్చింది.