ముందున్న రెండు

అద్దాలు కోసే ఆ కార్ఖానాలో చెల్లెలిది కడిగి తుడిచే పని. ఏళ్ల తరబడి తడిచేతులతో విసిగిపోయి గీతల గది మీద కన్నేసింది. గుండ్రటి అద్దం కోయాలంటే, ఆ గదివాళ్లు సమీకరణం చూసి కేంద్రమూ వ్యాసార్థమూ రాబట్టి యంత్రానికి చెప్పాలి. ఆ ఉద్యోగంతో పాటు ఉండటానికి ఓ గది కూడా ఇస్తారు. అక్క ఇంట్లో, పిల్లల బట్టల మూటల మధ్య ముడుచుకు పడుకునే మనిషికి అదేమైనా చిన్న సంగతా!

గీతల గదికి అధికారి బావే. "నేనుండగా నీకు దిగులేంటి?" అంటూ రోజూ భోజనాలయ్యాక నేర్పేవాడు. పక్కనే అక్క, రాత్రి పనికి వెళ్లేలోపు, బట్టలు మడతపెడుతూ ఉండేది.

"x పక్క అంకెలో సగం తీసుకుని గుర్తు తిరగెయ్. y కీ అంతే. అదే కేంద్రం. ఆ రెండింటి వర్గాలు కలిపి, అందులోంచి చివరి అంకె తీసేసి వర్గమూలం కట్టు. వ్యాసార్థం చేతికొచ్చేస్తుంది."

"మరి x² ముందు అంకె ఉంటే బావా?"

"దాని జోలికెళ్లకు. ఊరికే ఉంటుందది."

బావ మాట ఆమెకు వేదం. మళ్లీ అడగలేదు.

పరీక్ష రోజు బావ సెలవు పెట్టాడు. మేనేజరు కాగితం ఇచ్చాడు.

2x² + 2y² − 10x + 6y − 15 = 0

ముందున్న రెండును వదిలేసింది. కేంద్రం (5, −3). ఇరవై అయిదూ తొమ్మిదీ పదిహేనూ కలిపితే నలభై తొమ్మిది, వ్యాసార్థం ఏడు! లెక్క ఇంత శుభ్రంగా తేలేసరికి పొంగిపోయి యంత్రంలో అంకెలు కొట్టింది. అద్దం మధ్య నుంచి అంచుకు ఎనిమిదే గళ్లు; అయిదో గడి దగ్గర కేంద్రం పెట్టి ఏడు జరిగితే పన్నెండు. కోత చక్రం గీస్తూ గీస్తూ అంచు దాటేసింది. అద్దం ఫెళ్లున రెండయింది.

మేనేజరు తిట్టలేదు, అదే నయం అనుకుంది. "ఈ గదిలో భిన్నాలు రాయరమ్మా. చదవడంలో పొరపాటొస్తుందని గుణించేసి పంపుతారు. ముందున్న అంకెతో మొదట అన్నిటినీ భాగించాలి. ఆ పద్ధతి పెట్టిందే మీ బావ. చెప్పలేదా?"

"చెప్పాడు సార్, నేనే మర్చిపోయాను," అంది. ఇంకా బావ పరువే కాపాడుతోంది పిచ్చిది.

బయట మెట్ల మీద కూర్చుని మళ్లీ చేసింది. రెండుతో భాగిస్తే కేంద్రం (2.5, −1.5), వ్యాసార్థం నాలుగు. వృత్తం అద్దంలో హాయిగా ఇమిడిపోతుంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నోరు జారిన పొరపాటు కాదిది, రోజూ కూర్చోబెట్టి చేసిన మోసం. అక్కతో చెప్పి కడిగించాలి ఆ మనిషిని అనుకుంటూ ఇంటికి నడిచింది.

తలుపు తీస్తూనే అక్క భుజం నిమిరింది. "పోనీలేవే, బాధపడకు. వచ్చే ఏడు చూసుకుందాం."

చెల్లెలు గడపలోనే ఆగిపోయింది. "పోయిందని నీకెవరు చెప్పారక్కా?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల బావ దగ్గాడు గానీ బయటికి రాలేదు.

"ఆయన్నేం అనకు. నేనే అలా చెప్పమన్నాను," అంది అక్క చివరికి. "నేను రాత్రి పనికి పోతే పిల్లల్నెవరు చూస్తారే? అది నేర్పితే నువ్వు మాకు మిగులుతావా?"

బావ మోసానికి కోపమొచ్చింది గానీ ఏడుపు రాలేదు. ఇప్పుడొచ్చింది. అమ్మ పోయాక తనకు తల దువ్వి, అన్నం కలిపి పెట్టిన చేతులివి.

"ఇప్పుడు మాత్రం మిగిలానా అక్కా?" అని, చెప్పులు విప్పకుండానే లోపలికెళ్లి మూటల్లోంచి తన బట్టలు వేరు చెయ్యడం మొదలుపెట్టింది.